కళ్ళజోడు రికార్డ్స్ వారి ఫిర్యాదు మేరకు

మా వదినకి మొహాలు గుర్తుండవు, ముక్కులు గుర్తుంటాయి. కళ్ళజోళ్ళ షాపులో అన్నేళ్ళు పనిచేసిన మనిషికి ఇంకేం గుర్తుంటాయిలెండి. రోడ్డు మీద ఎవరైనా పలకరిస్తే నవ్వుతూ తలాడించేస్తుంది. వాళ్ళు మలుపు తిరిగాక ఎవరు వదినా అనడిగితే, పేరు తెలీదు, ఎడమవైపు కాస్త ఒరిగిన ముక్కు, ఎంత బిగించినా ఫ్రేమ్ జారిపోయేది పాపం అంటుంది. నా ముక్కు మీద కూడా ఆవిడకో అభిప్రాయం ఉంది. అది ఇక్కడ అనవసరం.

మా అన్నయ్య కూడా ఆ ముక్కుల్లో ఒకడే. షాపున్న బిల్డింగులో లిఫ్ట్ చెడిపోతే బాగుచేయడానికి వచ్చాడు. లిఫ్ట్ మెకానిక్ మరి. లిఫ్ట్ కింది గోతిలో దిగి పనిచేస్తుంటే కళ్ళజోడు జారి కిందపడి పుల్ల విరిగింది. చేతుల నిండా గ్రీజుతో, ఒక కన్ను మూసుకుని షాపులోకొచ్చి నిలబడ్డాడట. వదిన పుల్ల అతికించి, ముక్కు మీద పెట్టి, వెనక్కి జరిగి చూసి, మీ ముక్కు చాలా బుద్ధిమంతురాలండీ, ఏ ఫ్రేమైనా నిలబడుతుంది అందట. ఇంత గొప్ప ప్రేమ డైలాగు ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదని వాడు పెళ్ళయ్యాక కూడా అందరికీ చెప్పుకున్నాడు. అప్పట్నించి వదిన వాడికి "కళ్ళజోడు". ఇంట్లో ఎవరున్నా సరే, కళ్ళజోడూ, నా తువ్వాలేదీ అని కేకేసేవాడు.

అన్నయ్య పాడేవాడు. పాటలు కట్టుకునేవాడు కూడా. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. లిఫ్ట్ గోతిలో నిలబడి పాడితే గొంతు పైకెళ్ళి, పై అంతస్తు తలుపు తట్టి, మళ్ళీ మన దగ్గరికే వస్తుందని చెప్పేవాడు. పని అయిపోయాక ఫోన్ ఒక ఇనుప కడ్డీకి ఆనించి పెట్టి, ఆ గోతిలోనే పాడి రికార్డు చేసుకునేవాడు. ఒక అపార్ట్‌మెంటులో నాలుగో అంతస్తు ముసలావిడ లిఫ్టెక్కడం మానేసింది. అందులో దెయ్యం ఉందని, అయితే ఆ దెయ్యం శ్రుతి తప్పదని వాచ్‌మన్‌కి చెప్పిందట. అన్నయ్యకి దానికి మించిన అవార్డు రాలేదు, రాబోదు కూడా.

ఇలా పాడినవన్నీ ఒక వీడియోల సైట్లో పేజీ పెట్టి ఎక్కించేవాడు. దాని పేరు "లిఫ్ట్ పాట". చూసేవాళ్ళు ఎక్కువమంది లేరు. ఉన్నవాళ్ళలో సగం మంది తోటి మెకానిక్‌లు, మిగతా సగం మా అమ్మ. అంటే అమ్మ ఒక్కతే అన్నిసార్లు చూసేది. గోతిలో పాడినవి, మెట్ల మీద పాడినవి, మేడ మీద నీళ్ళ ట్యాంకులో తల పెట్టి పాడినవి ఉండేవి. అన్నింట్లోకీ అమ్మకి నచ్చింది వంటింట్లో పాడింది. అందులో వాడు స్టవ్ పక్కన గట్టు మీద కూర్చుని "మెట్లెక్కి రావే వానా, లిఫ్ట్ పనిచేయట్లేదు" అని వాడి సొంత పాటెత్తుకుంటాడు. అమ్మ కనపడదు, గొంతొక్కటే వినపడుతుంది. ముందా గట్టు దిగు, పాలు పొంగుతున్నాయి అని తిడుతుంది. వాడు ఆగడు. "పాలు పొంగుతున్నాయి వానా" అని ఆ తిట్టుని కూడా పాటలో కలిపేసుకుని, చివర ఆ "వానా" దగ్గర గొంతు ఏదో చేస్తాడు. ఏం చేసేవాడో ఇప్పుడు చెప్పడం కష్టం. తర్వాత నవ్వు. అంతే వీడియో.

ఈ "వానా" పాటతో కలిపి మూడు పాటలు మాత్రం నిజమైన స్టూడియోలో పాడాడు. అక్కడి కుర్రాడు గొంతులో ఉన్న గరగరంతా తీసేసి, ఇస్త్రీ చేసి ఇచ్చాడు. మేమంతా బాగుందన్నాం. అమ్మ ఒకసారి విని, బాగానే ఉందిరా, ఐడీ కార్డు మీద ఫోటోలాగా ఉంది అంది.

తర్వాత వాడికి జ్వరమొచ్చింది. మామూలు జ్వరమేననుకున్నాం. ఆసుపత్రిలో చేర్చేటప్పుడు కూడా నర్సు ముక్కు గురించి వదినతో జోకులేశాడు. ఆ జోకులే ఆఖరివి. ఆ గొడవలో వాడి ఫోన్ కూడా ఎక్కడో పోయింది. మనిషే పోయినప్పుడు ఫోన్ గురించి ఎవరు వెతుకుతారు.

ఏడాది తిరిగాక ఒకరోజు వదిన షాపులో ఎవరికో ఫ్రేమ్ బిగిస్తోంది. గోడ మీద టీవీలో పరుపుల ప్రకటన వచ్చింది. ఒక లావుపాటాయన ఎగిరి పరుపు మీద పడుతుంటే వెనకాల పాట, "హాయిగా వాలవే నడుమా" అని. మాటలు వాళ్ళవి, వరస అన్నయ్యది. అచ్చం "మెట్లెక్కి రావే వానా". వదిన చేతిలో స్క్రూ కిందపడింది. కస్టమర్ ఆయనా ఆవిడా కలిసి నేల మీద కూర్చుని వెతికారట ఆ స్క్రూ కోసం. ఆవిడ ఏడుస్తోందని ఆయనకి కళ్ళజోడు లేక కనపడలేదు.

పరుపుల కంపెనీ ఆఫీసుకి వదినతో పాటు నేనూ వెళ్ళాను. నీట్‌గా ఉన్న ఒక కుర్రాడు మంచినీళ్ళిచ్చాడు, కూర్చోబెట్టాడు, మొత్తం విన్నాడు. విని, చాలా మర్యాదగా, "ఈ పాట మీద మీకున్న హక్కేంటి మేడమ్?" అన్నాడు.

"ఆయన భార్యని," అంది వదిన.

"అది సంబంధం మేడమ్. నేను హక్కు అడుగుతున్నాను."

నేనైతే ఆ మంచినీళ్ళు వాడి నెత్తిన పోసేవాణ్ణే. వదిన లేచి, థాంక్స్ చెప్పి వచ్చేసింది. బస్సు దిగాక, ఆ కుర్రాడు తప్పేం అనలేదురా, నాకే జవాబు తెలీదు అంది. జవాబు ఎక్కడ దొరుకుతుందో వెతికింది. పీజీలో దొరుకుతుందని తేలింది. సంగీత వ్యాపారం అని రెండేళ్ళ కోర్సు. పాడటం నేర్పరు, వాయించడం నేర్పరు. పాట ఎవరిది, ఎవరు వాడుకోవచ్చు, ఎవరి పేరెక్కడ పడాలి, ఇదీ చదువు. షాపులో పని సగం పూటకి తగ్గించుకుని చేరిపోయింది.

అమ్మ నోరెళ్ళబెట్టింది. పాడటానికి చదువుంటుందని తెలుసు గానీ పాటలు అమ్మడానికి కూడా అంత పెద్ద చదువా అంది. అమ్మడానికి కాదమ్మా, ఎవరూ ఎత్తుకుపోకుండా కాపలా కాయడానికి అని నేను చెప్పాను. కాపలాకి కుక్క చాలదా అంది అమ్మ. వదిన నవ్వింది. అన్నయ్య పోయాక ఆవిడ పళ్ళు కనపడటం అదే మొదటిసారి. అందుకని నేను ఆ వారమంతా ఆవిడ పుస్తకాల మీద "కుక్క ఉన్నది, జాగ్రత్త" అని స్టిక్కర్లు అంటించాను. నేను పనిచేసే ఫ్లెక్సీల షాపులో వేస్టు ముక్కలు బోలెడుంటాయి.

క్లాసు ఒక పాత స్టూడియోలో జరిగేది. గోడల నిండా నల్లటి స్పాంజి. ఎంత అరిచినా మాట గోడ దాటదు, ఏసీ మాత్రం ఎముక దాటుతుంది. వదిన పక్కన కూర్చునేవాళ్ళంతా ఇరవై దాటినవాళ్ళు, మెడలో హెడ్‌ఫోన్లు. మొదటి నెల ఆంటీ అన్నారు. గడగడా ర్యాప్ పాడే పిల్ల ఒకతి ఉండేది. ఆ పిల్ల కళ్ళజోడు క్లాసులో ఊడిపోతే, వదిన హ్యాండ్‌బ్యాగ్‌లోంచి బుల్లి స్క్రూడ్రైవర్ తీసి అక్కడికక్కడ బిగించి ఇచ్చింది. ఆ రోజు నుంచి అక్క అయిపోయింది. పాఠం చెప్పేది ఒకప్పుడు క్యాసెట్ల కంపెనీలో చేసిన పెద్దాయన. జుట్టుకి రంగు, మీసానికి లేదు. మాట్లాడితే హక్కులు అంటాడు కాబట్టి హక్కుల మాస్టారు.

ఇంటికొచ్చి వదిన ఆ పాఠాలన్నీ మాకు మళ్ళీ చెప్పేది. పాట ఒకటి కాదు, రెండు ఆస్తులు, కట్టింది వేరు, రికార్డు చేసింది వేరు అంటే అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ, వినేది ఒకటేగా, రెండెక్కణ్ణించి వచ్చింది అనేది. చొక్కా కొలతలు వేరు, కుట్టిన చొక్కా వేరు కదమ్మా అని నేను అందుకునేవాణ్ణి. మరి వేసుకున్నవాడు? అని అమ్మ అడిగింది ఒకసారి.

చెప్పొద్దూ, ఆ రెండేళ్ళూ ఇంట్లో కాస్త వెలుతురొచ్చింది. పొద్దున లేస్తే అమ్మ వంటింట్లో ఫోన్ ఆనించి పెట్టుకుని అన్నయ్య వీడియో పెట్టేది. పాలు పొంగుతున్నాయి అని ఫోన్‌లో అమ్మ తిడుతుంటే బయట అమ్మ పాలు దించేది. వదిన టేబుల్ దగ్గర చదువుకుంటూ, కాలితో తాళం వేసేది. ఆవిడ ఆ వీడియో ఎప్పుడూ ఎదురుగా కూర్చుని చూడలేదు. వినేది.

ఆఖరి ఏడాది ప్రాజెక్టు. ప్రతి ఒక్కరూ ఒక లేబుల్ పెట్టాలి, అంటే పాటల కంపెనీ. నిజమైన పాటలు తీసుకోవాలి. వాటిని హక్కుదారుల, వాళ్ళు లేకపోతే వారసుల సంతకాలతో వీడియోల సైట్లో నమోదు చేయించాలి. ఆ తర్వాత ఎవరెవరు అనుమతి లేకుండా వాడుతున్నారో పట్టుకుని చర్య తీసుకోవాలి. మార్కులన్నీ ఆ చర్యకే. వదిన అన్నయ్య స్టూడియో పాటలు మూడూ తీసుకుంది. లేబుల్ పేరు "కళ్ళజోడు రికార్డ్స్". బోర్డు నేనే డిజైన్ చేశాను, ముక్కు మీద కళ్ళజోడు, కళ్ళజోడులో రెండు సున్నాల బదులు రెండు రికార్డు పళ్ళేలు. వారసురాలిగా అమ్మ, సాక్షిగా నేను సంతకాలు పెట్టాం. ఎందుకమ్మాయ్ అని అమ్మ అడిగితే, మీ అబ్బాయి పాటలు ఇంకెవరూ ముట్టుకోకుండా అత్తయ్యా అంది వదిన. అమ్మ కళ్ళకద్దుకుని మరీ సంతకం పెట్టింది.

నమోదు చేశాక సైటులో ఉన్న యంత్రం పని మొదలుపెడుతుంది. ప్రపంచంలో ఆ వరస ఎక్కడ వినిపించినా పట్టుకొస్తుంది. ఎవరు పాడారో, ఎందుకు పాడారో దానికక్కర్లేదు, వరస కలిస్తే చాలు. నలభై పైచిలుకు పట్టుకొచ్చింది. పేర్లుండవు, ఒక్కోదానికి ఒక పొడవాటి నంబరు, పక్కన మూడు గడులు: వదిలేయాలా, వాటా అడగాలా, ఆపేయాలా. కిందో ఇంకో గడి ఉంటుంది, మనవాళ్ళ పేజీలేవైనా ఉంటే ముందే అందులో చెప్పుకోవాలి, వాళ్ళ జోలికి పోకుండా. వదిన ఆ గడి ఖాళీగా వదిలేసింది. మనవాళ్ళు అంటే ఆవిడ మనసులో లేబుళ్ళు, కంపెనీలు, ఒప్పందం ఉన్నవాళ్ళు. మన ఇంట్లో మనం ఉండటానికి మనమే పర్మిషన్ రాసిచ్చుకోవాలని ఎవరికి తడుతుంది? పరుపుల కంపెనీ ఎలాగూ ఇందులో ఎక్కడో ఉంటుందని, అన్నిటికీ కలిపి "ఆపేయాలి" నొక్కింది.

సైటు వాళ్ళు ఆ నలభై పైచిలుకు మందికీ మెయిల్ పంపుతారు. ఈ పాట మీదే అయితే గడువులోగా వచ్చి రుజువు చూపించండి అని. చూపించకపోతే వీడియో తీసేస్తారు. ఒకే పేజీలో మరీ ఎక్కువ దొరికితే వాడు దొంగ అని తేల్చి మొత్తం పేజీయే ఎత్తేస్తారు.

గడువు అయ్యింది. సైట్లోంచి పరుపుల ప్రకటన పోయింది. వదిన క్లాసులో తెర మీద చూపించింది, దొరికినవన్నీ ఇవీ, ఆగిపోయినవన్నీ ఇవీ అని, రెండు లెక్కలూ ఒక్కటే. పిల్లలు బల్లలు చరిచారట. మాస్టారు లేచి నిలబడి, కాపీరైట్ అంటే ఇదీ అన్నారట. ఆ సాయంత్రం వదిన నడిచొచ్చిన తీరు నాకింకా గుర్తుంది, వీధి చివరనుంచే నాకు చెయ్యి ఊపింది. వచ్చి అన్నయ్య ఫోటో ముందు కాసేపు నిలబడింది. "ఆ కుర్రాడికి ఇప్పుడు జవాబు చెప్పగలను" అంది. ఎవరితో అందో తెలీదు, నేను పక్కనే ఉన్నాను గానీ నాతో కాదు.

మర్నాడు పొద్దున అమ్మ, ఏరా, నెట్ లేదా అంది. ఉందన్నాను. మరి వాడు రావట్లేదేంట్రా అంది. మేకప్ వేసుకుంటున్నాడేమో, ఆగు అన్నాను. ఆ మర్నాడూ అదే మాట. అమ్మ ఫోన్ మీద ఏదేదో నొక్కి పాడుచేసుంటుందని తీసుకుని చూశాను.

బూడిదరంగు తెర. "ఈ పేజీ కళ్ళజోడు రికార్డ్స్ వారి ఫిర్యాదు మేరకు తొలగించబడినది."

నాకు మొదట నవ్వొచ్చింది. నిజంగానే వచ్చింది. ఎవరో నా మీద జోకు వేశారనుకున్నాను, ఇలాంటివి వేసేవాణ్ణి ఇంట్లో నేనొక్కణ్ణే కదా. తర్వాత అర్థమైంది. అన్నయ్య తన మూడు పాటలూ గోతుల్లో, మెట్ల మీద, ట్యాంకులో ఎన్నెన్నిసార్లు పాడుకున్నాడో అన్నీ ఆ పేజీలోనే ఉన్నాయి. ఆ నలభై పైచిలుకులో పరుపుల వాడిది ఒక్కటి. మిగతావన్నీ అన్నయ్యవే. అందరికంటే పెద్ద దొంగ వాడే. యంత్రం వాడికీ మెయిల్ పంపింది, ఈ పాట మీదే అయితే రుజువు చూపించండి అని. వాడు జవాబివ్వలేదు.

కంచే చేను మేసిందని సామెత చెప్పేవాళ్ళు చెబుతారు. వదిన విషయంలో ఆ సామెత అన్యాయం. చేను కోసమే కంచె కట్టింది, కడుతూ కడుతూ చేనుని బయట వదిలేసింది.

వదినకి నేనే చూపించాను. షాపుకెళ్ళి, కస్టమర్ వెళ్ళిపోయేదాకా ఆగి, ఫోన్ చేతిలో పెట్టాను. చదివింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది. అత్తయ్య చూశారా అని మాత్రం అడిగింది. నెట్ అనుకుంటోంది అన్నాను. అలాగే అనుకోనీ, నేను తెప్పిస్తాను అంది.

తెప్పించలేకపోయింది. ఫిర్యాదు వెనక్కి తీసుకుంది, తీసుకున్నట్టు సైటు వాళ్ళు రాశారు కూడా. పేజీ కావాలంటే మాత్రం అది ఎవరిదో వాళ్ళే వచ్చి అడగాలట. ఆయన లేరని రాస్తే, అయితే ఆయన మెయిల్‌లోంచి రాయండన్నారు. నేను కూర్చుని పాస్‌వర్డులు కొట్టాను. అమ్మ పేరు, వదిన పేరు, ముక్కు, వానా, లిఫ్టు, నా పేరు కూడా కొట్టి చూశాను సిగ్గులేకుండా. అన్నీ తప్పయ్యేసరికి ఆ మెయిల్ తలుపు మొత్తానికే మూసుకుంది. మాస్టారి దగ్గరికెళితే ఆయన చాలాసేపు మీసం లాక్కుని, సిస్టమ్ ప్రకారం అంతా సరిగ్గానే జరిగిందమ్మా అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు పాపం. అన్నయ్యతో పనిచేసిన మెకానిక్ దగ్గర ఒక ముక్క దొరికింది. వెనకనుంచి తీసింది, మోటారు చప్పుడులో పాట సగమే వినపడుతుంది. అది అమ్మకి చూపిస్తే, ఇదేంట్రా, వీపు పాడుతోంది, వాణ్ణి పెట్టు అంది.

నెట్ లేదు, సైటు రిపేర్లో ఉంది, ఫోన్ పాతదైపోయింది, అబద్ధాలు నా దగ్గర ఎప్పుడూ స్టాకుంటాయి. కానీ అవి కూడా అయిపోవచ్చాయి. ఇంక ఎన్నాళ్ళు అనుకుందో ఏమో, ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ ఉతికిన బట్టలు మడతపెడుతుంటే వదిన వెళ్ళి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అత్తయ్యా, నెట్ బాగానే ఉంది. ఆయన పేజీని నేనే తీయించేశాను. తెలీక."

అమ్మ మడత ఆపలేదు. ఎందుకూ అంది, ఉప్పెందుకు తగ్గించావు అన్నంత మామూలుగా. వదిన మొత్తం చెప్పింది. యంత్రం, గడులు, నంబర్లు, ఖాళీగా వదిలేసిన గడి. ఏదీ దాచలేదు, తనని వెనకేసుకురాలేదు. తిరిగి రాదని కూడా చెప్పింది. అమ్మ నా చొక్కా ఒకటి మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది.

"ఆ వంటింటి దాంట్లో నా గొంతు కూడా ఉంది కదమ్మా," అంది చివరికి. "తీసేసేముందు నన్నొక మాట అడగలేదేం?"

రెండేళ్ళు ఇదే చదివింది వదిన. ఎవరి గొంతుంటే వాళ్ళనడగాలని పరీక్షల్లో పేజీలకి పేజీలు రాసింది. లేచి వెళ్ళి కొళాయి తిప్పి, మొహం కడుక్కుంటున్నట్టు చాలాసేపు నీళ్ళు వదిలేసింది.

అమ్మ తిట్టలేదు. అదే తట్టుకోలేకపోయాం. అమ్మ తిట్టకుండా మా ఇంట్లో రోజు మొదలవదు. చెప్పులు అడ్డంగా విడిచినా, తడి తువ్వాలు మంచం మీద పడేసినా, కావాలని పాలు మరిగే గిన్నె పక్కన గట్టెక్కి కూర్చున్నా, అమ్మ ఏమీ అనలేదు. పాలు పొంగి స్టవ్ ఆరిపోతే గుడ్డతో తుడిచింది. నేను గట్టు దిగిపోయాను.

ఆ మాట మాత్రం వదినలో ఉండిపోయింది. నిజమే కదా, రికార్డులో గొంతున్న మనిషి అత్తయ్య. అన్నయ్య రాలేకపోతే ఆవిడ అడగొచ్చు కదా. పరిగెత్తుకెళ్ళి మాస్టారికి చెబితే ఆయన కుర్చీలోంచి లేచాడట. అడగొచ్చమ్మా, అడగొచ్చు, ఇది నాకు తట్టలేదే అన్నాడట. క్లాసంతా కూడబలుక్కుని అర్జీ తయారుచేశారు. ర్యాప్ పిల్ల మా ఇంటికే వచ్చి, అమ్మని బామ్మా అని పిలుస్తూ ఒక్కో గడీ నింపింది. ఆ రికార్డింగులో మీరేం చేశారు, పాడారా, వాయించారా అని ఒక గడి.

"తిట్టానని రాయి," అంది అమ్మ.

పిల్ల వదిన వైపు చూసింది. వదిన "గాత్రం" అని రాయమంది. అమ్మ సంతకం పెట్టే ముందు ఈసారి అడిగింది, ఇది దేనికీ, తీయడానికా తేవడానికా అని. తేవడానికే అత్తయ్యా అని వదిన పెన్ను మూత తీసిచ్చింది.

జవాబు తొందరగానే వచ్చింది. చాలా మర్యాదగా ఉంది. మీ అభ్యర్థన పరిశీలనార్హమే. దయచేసి రుజువుగా సదరు రికార్డింగు ప్రతి ఒకటి జతపరచగలరు.

ర్యాప్ పిల్ల బూతొకటి తిట్టింది. వదిన ఆ జవాబు మూసేసి, పిల్ల టిఫిన్ తిన్న ప్లేటు తీసుకెళ్ళి కడిగింది.

వదిన పీజీ పాసైంది. ప్రాజెక్టు రిపోర్టులో ఆగిపోయినవాటి లెక్క కింద తన చేత్తోనే రాసింది, ఇందులో ఒక్కటి తప్ప మిగిలినవన్నీ పాట సొంతదారుడివే అని. మాస్టారు అది కొట్టేయమన్నాడు, మార్కులు పోతాయని. కొట్టేయలేదు. మార్కులు పోయాయి. ఇప్పటికీ షాపుకే వెళుతుంది. పట్టా ఎక్కడ పెట్టిందో నాక్కూడా తెలీదు, గోడకైతే లేదు.

ఈ మధ్య ఆదివారాలు వంటింట్లో ఒకటి జరుగుతోంది. వదిన స్టవ్ పక్కన ఫోన్ ఆనించి పెట్టి, అత్తయ్యా, ఆ "వానా" ఆయన ఎలా పాడేవారో ఒకసారి పాడండి అంటుంది. మొదట్లో అమ్మ నా గొంతేం గొంతు అని తప్పించుకునేది. ఇప్పుడు పాడుతోంది. చివర "వానా" ని కిందికి జారుస్తుంది. కాదత్తయ్యా, పైకి తీసుకెళ్ళి అక్కడ వదిలేసేవారు అంటుంది వదిన. నేను కన్నానా నువ్వు కన్నావా అంటుంది అమ్మ. స్టూడియో పాట పెట్టి చూసుకుందామంటే అందులో ఆ వంపే లేదు, ఇస్త్రీలో పోయింది. ఇద్దరూ నా మీద పడతారు, నువ్వు చెప్పరా అని. నేను పాడితే అది రెండిట్లోనూ లేదు. పోరా, వీధిలోకి పో అంటారు ఇద్దరూ ఒకే గొంతుతో.

నాకు తెలుసు, నాది తప్పు. వాళ్ళలో ఎవరిది రైటో చెప్పేవాళ్ళు లేరు. పైగా అమ్మ పాడేది కూడా కొద్దికొద్దిగా మారుతోంది. పోయిన నెల జారిన చోట ఈ నెల జారట్లేదు. నేను విన్నాను, వదినా వింది.

"ఇదిగో, ఇలాగే పాడేవాడు," అంటుంది అమ్మ, ప్రతిసారీ అంతే నమ్మకంగా.

"అవునత్తయ్యా," అని వదిన రికార్డింగు ఆపుతుంది.